రజితక్క బోర్లూ, నా మూడు వేళ్ళూ

ఎవరికీ చెడు తలపెట్టని మనిషి, పట్టపగలు, కడుపునిండా దోసె తిని, పక్కనున్నవాళ్ళు వద్దు వద్దంటున్నా వినకుండా, ఒక మంచి మనిషి నెల పైబడిన కష్టాన్ని మూడు వేళ్ళతో ఎలా తుడిచిపెట్టగలడో మీకు తెలుసా? తెలియకపోతే కాస్త జరిగి కూర్చోండి. ఆ మనిషిని నేనే. మీరు ఎంతసేపైనా నవ్వుకోవచ్చు, నేనేమీ అనుకోను. నాకు మాత్రం ఈ కథ చెప్పేటప్పుడు నవ్వు సగంలోనే ఆగిపోతుంది.

అప్పుడు నేను తార్నాక దగ్గర యూనివర్సిటీలో కొత్తగా చేరిన రీసెర్చ్ స్కాలర్ని. మాది కడప వైపు. మా డిపార్ట్‌మెంటులో ఒక సర్వర్ ఉండేది. పేరు విని పెద్దగా ఊహించుకోకండి, ఏసీ గదిలో మూలన పెట్టిన ఇనప పెట్టె అంతే. దానికి తెర లేదు, మౌస్ లేదు, నొక్కడానికి ఒక్క బొమ్మ కూడా లేదు. మన లాప్‌టాప్‌లో ఒక నల్ల కిటికీ తెరిచి, ఎక్కడున్నా అక్కడి నుంచే దానిలోకి లాగిన్ అయి, ఏం కావాలో ఇంగ్లీషు ముక్కల్లో టైపు చేయాలి. అది చెప్పినట్టు చేస్తుంది. తప్పు చెప్పినా చెప్పినట్టే చేస్తుంది, అసలు గొడవంతా అక్కడే.

నాకు ఆ నల్ల కిటికీ కొంచెం వచ్చు. కొంచెమే వచ్చినవాడికి ఉండే పొగరు మాత్రం నిండా ఉండేది. మౌస్ పట్టుకుని పని చేసుకునే స్నేహితులను 'నొక్కుడుగాళ్ళు' అని వెక్కిరించేవాణ్ణి. మా హెడ్ సారు అది విని, "నీకు గా బ్లాక్ స్క్రీన్ వస్తదట గద. ఇగ సర్వర్ నువ్వే చూస్కో" అని నాకు అప్పగించేశారు. ఆ రోజు మా ఇంటికి ఫోన్ చేసి, యూనివర్సిటీ మొత్తం నా చేతిలో పెట్టినట్టే చెప్పాను.

ఆ సర్వర్ మీద బతుకంతా పెట్టుకున్న మనిషి ఒకరు ఉన్నారు. రజితక్క. నాకు సీనియర్. జనగామ దిక్కు వాళ్ళది, వ్యవసాయ కుటుంబం. వాన ఎంత పడితే, ఎన్ని బోర్లు ఎంత నీళ్ళు లాగితే, ఏ ఊళ్ళో భూమి కింద నీరు ఎప్పటికి అడుగంటుతుందో లెక్కగట్టడం ఆమె పరిశోధన. ఆ లెక్క చేసే ప్రోగ్రాం సర్వర్‌లో నెల పైబడి రాత్రింబగళ్ళు నడుస్తోంది. ఆదివారం సాయంత్రానికి అయిపోతుంది. సోమవారం ఆమె సెమినార్. అది గట్టెక్కితే నెలాఖరులోపు థీసిస్ ఇచ్చేయవచ్చు, థీసిస్ ఇచ్చినట్టు కాగితం చూపిస్తే ఒక కాలేజీలో లెక్చరర్ పోస్టు ఇంటర్వ్యూకి కూర్చోవచ్చు. ఫెలోషిప్ అప్పటికే ఆగిపోయింది. ఆమెకు ఆ పోస్టు ఎంత అవసరమో అందరికంటే నాకే బాగా తెలుసు, ఎందుకంటే రోజూ క్యాంటీన్‌లో నాకు చాయ్ ఇప్పిస్తూ చెప్పేది.

మొదట్లో ఒకసారి ఆమె అడిగింది కూడా. "తమ్మీ, నడుమ నడుమ సేవ్ అయ్యేటట్టు పెట్టుకుందునా? కరెంటు పోతే ఎట్ల?"

"ఎందుకక్కా? బ్యాటరీలు ఉండాయి, జనరేటర్ ఉండాది. సేవ్ పెడితే ఇంకా నిదానమైతాది."

"నిజంగనేనా?"

"నా పూచీ అక్కా."

నా పూచీ! ఆ మాట అన్న నోటిని ఇప్పుడు నేనే చితకబాదాలనిపిస్తుంది.

ఇక ఆ శనివారానికి వద్దాం. పొద్దున హబ్సిగూడలో ఒక టిఫిన్ సెంటర్‌లో దోసె చెప్పి, అది వచ్చేలోపు ఊరికే కూర్చోలేక లాప్‌టాప్ తెరిచాను. సర్వర్‌లోకి వెళ్ళి చూస్తే, ఎవరెవరో ఎక్కడెక్కడి నుంచో పాస్‌వర్డులు కొట్టి లోపలికి దూరాలని చూసిన ఆనవాళ్ళు. ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న ఏ సర్వర్‌కైనా ఇది గేటు దగ్గర కుక్కలు వాసన చూసి పోయినంత మామూలు సంగతి. నాకు ఆ రోజు తెలియదు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా అక్క లెక్కలు నడుస్తున్న చోటికి దొంగలా! ఇప్పుడే ఫైర్‌వాల్ పెడతానని పూనుకున్నాను.

ఫైర్‌వాల్ అంటే బయటివాళ్ళను ఆపే గోడ. దాన్ని లేపే ముందు, మనం వెళ్ళివచ్చే దారి ఒకటి తెరిచి ఉంచమని చెప్పాలి. అది ముందు చెప్పాలి. నేను గోడే ముందు లేపాను. పాపం ఆ సర్వర్ నన్ను అడిగింది కూడా: ఇప్పుడున్న కనెక్షన్లు తెగిపోవచ్చు, కానివ్వమంటావా అని. నేను మా హెడ్ సారు సంతకం పెట్టినట్టు ఏమీ చదవకుండా సరేనన్నాను.

అక్కడితో నా కనెక్షన్ తెగిపోయి ఉంటే అప్పుడే అనుమానమన్నా వచ్చేది. తెగలేదు. అప్పటికే లోపల ఉన్నవాణ్ణి కాబట్టి నన్ను ఉండనిచ్చింది. దారి తెరవమని అప్పుడు ఒక్క ముక్క టైపు చేసినా సరిపోయేది. ఇంతలో దోసె వచ్చింది. మూస్తే ఆ కనెక్షన్ కూడా పోతుందన్న ధ్యాసే లేకుండా నేను లాప్‌టాప్ మూసేసి చట్నీ ఇంకొంచెం అడిగాను.

తిని, చేయి కడుక్కుని, మళ్ళీ తెరిస్తే సర్వర్ పలకదు. ఇంకోసారి ప్రయత్నించాను. పలకదు. హాస్టల్ నెట్ నుంచి, ఫోన్ నెట్ నుంచి, లైబ్రరీ నెట్ నుంచి, అన్ని దిక్కుల నుంచీ తలుపు తట్టాను. ఇంటికి తాళం వేసి తాళంచెవి లోపలే పెట్టుకున్నవాడి పరిస్థితి నాది. ఇంతలో ఫోన్.

"తమ్మీ, సర్వర్ల పోతలేను. ఏమైంది?"

"నెట్ సతాయిస్తాందేమో అక్కా."

"నెట్ మంచిగనే ఉన్నది. వీడియోలు వస్తున్నయ్."

"అక్కా..."

"ఏంది? ఏం చేసినవ్?"

చెప్పాను. ఆమె అడిగింది ఒకటే. "లోపల నా ప్రోగ్రాం నడుస్తున్నదా, లేదా?"

"నడుస్తాందక్కా. దానికేం కాదు. దొంగలు గూడా రాలేరు ఇప్పుడు."

"దొంగలు రాలేరు, మనం రాలేం. శానా మంచి పని చేసినవ్."

తెర తగిలించి, కీబోర్డు తగిలించి, సర్వర్ ముందు నిలబడి ఆ గోడ తీసేయడం ఒక్కటే దారి. గది తాళం హెడ్ సారు దగ్గర. సారు కాచిగూడలో ఒక ఫంక్షన్ హాల్లో బంధువుల పెళ్ళిలో ఉన్నారు, అటు నుంచి అటే ఊరికి పోతారట. హాస్టల్ చెప్పులతో, చట్నీ మరక చొక్కాతో పట్టుచీరల మధ్య నుంచి దూరి సారు ముందు నిలబడ్డాను.

"ఏందయ్యా, గీడికొచ్చినవ్?"

"సర్వర్ గది తాళం సార్."

"ఏమైంది సర్వర్‌కు?"

"ఏం కాలేదు సార్. బాగానే ఉండాది."

"బాగుంటే తాళమెందుకు?"

"దాన్ని ఇంకా బాగు చేసినాను సార్. అందుకే లోపలికి పోలేకుండా ఉండాం."

సారు నన్ను పైనుంచి కిందిదాకా చూశారు. "అన్నం తిని పో" అని మాత్రం అని తాళంచెవి చేతిలో పెట్టారు. నేను తినకుండానే పరుగెత్తాను. ఆ రోజు ఆ పెళ్ళి భోజనానికి కూర్చుని, విస్తరి ముందు నుంచి సాయంత్రం దాకా లేవకుండా ఉండి ఉంటే ఎంత బాగుండేది!

గదికి వచ్చేసరికి రజితక్క డిపార్ట్‌మెంట్ ఆఫీసులోంచి ఒక మానిటరు తీసుకొచ్చి తలుపు దగ్గర నిలబడి ఉంది. ఇద్దరం లోపలికి పోయాం. చలి, ఫ్యాన్ల రొద. మానిటరు తగిలించాను, కీబోర్డు తగిలించాను. తెర మీద ఏమీ లేదు. నలుపు. నేను రోజూ గొప్పలు చెప్పుకునే నల్ల కిటికీ కూడా కాదు, ఒట్టి నలుపు.

"ఏం రాలేదేంది?"

"స్టార్ట్ అయ్యేటప్పుడే మానిటరు ఉండాలంట అక్కా. మధ్యలో పెడితే ఈ పెట్టె గుర్తుపట్టదు."

"మరి ఎట్ల?"

"తెర ఎందుకక్కా మనకు? చూడకుండా కొడతా."

కొట్టాను. పేరు, పాస్‌వర్డు, గోడ తీసేసే ఆజ్ఞ, అన్నీ గుడ్డిగా. పక్కన లాప్‌టాప్‌లో చూస్తే తలుపు మూసే ఉంది. మళ్ళీ కొట్టాను. నేను కొట్టేది ఎక్కడ పడుతోందో, పేరు చోట పాస్‌వర్డు పడుతోందో, ఆ దేవుడికే తెలియాలి. ఆ చలిలో కూడా నాకు చెమటలు పడుతున్నాయి. ఆమె ముందు చేతకానివాడిలా నిలబడడం నా వల్ల కావడం లేదు.

రజితక్క నా భుజం మీద చెయ్యి వేసింది. "ఇడిసిపెట్టు తమ్మీ. రేపు సాయంత్రానికి దానంతట అదే అయిపోతది. రిజల్ట్ డిస్కుల రాసుకుంటది. అయిపోయినంక ఆపి, మళ్ల స్టార్ట్ చేద్దాం. మానిటర్ గూడ వస్తది. రాత్రి కూసొని గ్రాఫులు గీస్త. ఏం కాదు."

ఎంత తెలివైన మాట! అంతకు మించిన పరిష్కారం ఇంజనీర్లందరూ కలిసి కూర్చున్నా చెప్పలేరు. నేను కూడా, "అట్లనే అక్కా, రేపే చేద్దాం" అన్నాను. నోటితో అన్నాను. నా చేతికి ఆ మాట చేరలేదు.

మీకు ఒక సంగతి చెప్పాలి. నేను కంప్యూటర్ నేర్చుకున్నది మా ఊళ్ళో బస్టాండు ఎదురుగా ఉన్న నెట్ సెంటర్లో. అక్కడి కంప్యూటర్లన్నీ గంటకోసారి బిగుసుకుపోయేవి. బిగుసుకుపోతే కంట్రోల్, ఆల్ట్, డిలీట్, మూడూ కలిపి నొక్కమని ఓనరు అరిచేవాడు. నొక్కితే చిన్న పెట్టె ఒకటి వచ్చి ఏం కావాలని అడిగేది. ఆ నొక్కుడు నా వేళ్ళలో ఇంకిపోయింది. నొక్కుడుగాళ్ళను వెక్కిరించే నేను, తెర పలకకపోయేసరికి, 'రేపే చేద్దాం' అన్న మాట ఇంకా నోట్లో ఉండగానే, వేళ్ళు ఆ మూడింటి మీదికి పోనిచ్చాను.

ఆ సర్వర్ నెట్ సెంటర్ కంప్యూటర్ కాదు. దాని ముందు కూర్చుని ఆ మూడు నొక్కితే అది ఏం కావాలని అడగదు. మర్యాదగా అన్నీ ఆపేసి, మొదటి నుంచి మళ్ళీ మొదలవుతుంది.

ముందు ఫ్యాన్ల రొద తగ్గింది. తర్వాత ఒక్కసారిగా పెరిగింది. పీప్ మని శబ్దం వచ్చింది. తెర వెలిగింది!

"వచ్చిందక్కా! స్క్రీన్ వచ్చింది! చూడు, చూడు!" గంతు వేశాను. నిజంగానే వేశాను, రెండు కాళ్ళూ నేల మీద లేవు.

తెర మీద తెల్లటి వరసలు ఒకదాని వెనక ఒకటి పరుగెత్తుతున్నాయి. రజితక్క వాటినే చూస్తోంది.

"తమ్మీ," అంది మెల్లగా, "ఇది మొదట్నుంచి ఎందుకు లేస్తున్నది?"

నా కాళ్ళు అప్పుడు కిందికి వచ్చాయి.

తర్వాత గోడ తీసేశాను. రెండు నిమిషాల పని. లోపలికి పోయి చూస్తే ఆమె ప్రోగ్రాం లేదు. నడుమ నడుమ సేవ్ కాలేదు కాబట్టి దాని ఆనవాలు కూడా లేదు. ఆమె గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. నన్ను తిడితే బాగుండునని నిలబడ్డాను. తిట్టలేదు. "మా బాపుకు ఈసారి అయితదని చెప్పిన" అని మాత్రం అంది. అంతకంటే ఆమె ఆ కీబోర్డు తీసుకుని నా నెత్తిన కొట్టినా నాకు తేలికయ్యేది.

సెమినార్ వాయిదా పడింది. ప్రోగ్రాం మళ్ళీ మొదటి నుంచి, ఈసారి సేవ్ చేసుకుంటూ మొదలైంది. ఆ కాలేజీ ఇంటర్వ్యూ నెలాఖరులో జరిగిపోయింది. పోస్టు ఎవరికో వచ్చింది. రజితక్క నల్లకుంటలో ఒక కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పుకుంటూ ఆ నెల గడిపింది. చాయ్ మాత్రం ఇప్పిస్తూనే ఉంది. నేను అది చల్లారిపోయేదాకా గ్లాసు పట్టుకుని కూర్చునేవాణ్ణి.

ఇక్కడ నా సిగ్గులేనితనం ఒకటి ఒప్పుకోవాలి. ఆ నెలంతా నేను లోలోపల ఒకటే కోరుకున్నాను. పాత లెక్కలో ఎక్కడో ఒక తప్పు ఉండాలి. కొత్తది నడిస్తే ఆ తప్పు బయటపడాలి. అప్పుడు, "చూసినావా అక్కా, నేను ఆపబట్టే కదా" అని అనవచ్చు. ఘోరాన్ని ఉపకారంగా మార్చుకుందామని ఎన్ని ఆశలు పెట్టుకున్నానో చెప్పలేను.

కొత్త లెక్క పూర్తయిన మధ్యాహ్నం రజితక్క నన్ను పిలిచింది. పాత ప్రోగ్రాం సగంలో ఉండగా, అప్పటిదాకా తెర మీద కనిపించిన అంకెలతో గైడ్‌కు చూపించడానికి గీసిన గ్రాఫు ప్రింటు ఒకటి ఆమె దగ్గర మిగిలి ఉంది. దాని మీద కొత్త గ్రాఫు పెట్టి, రెండు కాగితాలూ కలిపి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టింది. నేను మధ్యలో తల దూర్చాను.

"ఏమన్నా తేడా ఉండాదా అక్కా? రవ్వంతైనా?"

"సక్కగ చూడు."

చూశాను. పాత గీత ఉన్నంత మేరా గీత మీద గీత పడింది. వంపు మీద వంపు. రెండు కాగితాలు అన్న సంగతి కూడా తెలియడం లేదు.

"ఎంటికంత గూడ తేడా లేదు తమ్మీ," అంది రజితక్క. "అప్పుడు గూడ నేను కరెక్టే చేసిన."

అందుచేత, ఇది చదివే పెద్దలందరి సాక్షిగా, సర్వర్ గది చలి సాక్షిగా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట నా ముందు ఏ తెర నల్లబడినా అది నల్లగానే ఉండుగాక. నేను రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని, రెండు అడుగులు వెనక్కి వేసి, రజితక్క వచ్చేదాకా అట్లాగే నిలబడతాను. ముక్కు మీద దురద పుట్టినా సరే, చెయ్యి బయటికి తీయను.