ఎందుకని అడగకూడదట

మా అక్క మొగుడు నేల మీద నడుస్తుండగా చూసినవాళ్ళు మా సైటులో తక్కువ. పొద్దున్నే టవర్ క్రేన్ నిచ్చెన ఎక్కి పైన అద్దాల క్యాబిన్‌లో కూర్చున్నాడంటే మళ్ళీ సాయంత్రానికే దిగడం. భోజనం డబ్బా కూడా పైనే. కింద కొక్కేనికి ఇనుప చువ్వల కట్ట తగిలించి, వాకీటాకీలో ‘ఎత్తు, దించు, కాస్త ఎడమకి’ అని చెప్పడం నా పని. బావా బావమరుదులం రోజంతా మాట్లాడుకుంటూనే ఉంటాం, మొహాలు మాత్రం చూసుకోం.

పైకి చేరగానే ఆయన రోజూ ఒకే మాట అనేవాడు. “చేరాను. అంతా బాగుంది. ఎత్తుదాం.” అది వినకపోతే నాకు పని మొదలైనట్టే ఉండేది కాదు.

మా పాత ఇంజనీరు నోరు తెరిస్తే తిట్లే. వాటికి వాకీటాకీ కూడా వేడెక్కిపోయేది. ఆయన వెళ్ళాక ఒక ఇంజనీరమ్మ వచ్చింది. వచ్చిన రోజే అందరినీ నిలబెట్టి కొత్త రూలు చెప్పింది. “ఎవరికి ఏం తేడాగా అనిపించినా ‘ఆపు’ అనండి. పని ఆగుతుంది. ఎందుకన్నావని ఎవరూ అడగకూడదు.”

మేం మొహమొహాలు చూసుకున్నాం. “ఎవడు నోరు జారతాడో చూసి వాణ్ణి ఇంటికి పంపడానికేనయ్యా ఈ పన్నాగం!” అన్నాడు కాంక్రీటు మేస్త్రీ. నాకూ అదే నిజమనిపించింది. వేళ్ళు నలిగినా సరే, ఆ మాట మాత్రం ఎవరమూ అనలేదు.

అలాంటిది, ఆకు కూడా కదలని ఒక మధ్యాహ్నం, చువ్వల కట్ట సగం ఎత్తులో ఉండగా పైనుంచి బావ గొంతు వినిపించింది.

“ఆపు.”

నేను నవ్వాను. “ఎవర్ని ఆపమంటున్నావు బావా? మీటలు నీ చేతిలోనే ఉన్నాయిగా!”

“దించేస్తున్నా. తర్వాత నేనూ దిగుతా,” అన్నాడు.

కట్ట పసిపిల్లను పడుకోబెట్టినట్టు నేలకు దిగింది. తర్వాత ఆయన దిగాడు. చొక్కా మొత్తం చెమటతో తడిసిపోయి ఉంది. ఇంజనీరమ్మ పరుగున వచ్చి, ఆయన్ని నీడలో కూర్చోబెట్టి, మంచినీళ్ళ సీసా చేతికిచ్చింది. ఒక్క ప్రశ్న వేస్తే ఒట్టు.

ఇక చూడాలి సైటు అవస్థ! అడగకూడదన్నారు కాబట్టి తలా ఒకటి కల్పించారు. చూపు పోయిందని ఒకరు, గుండెపోటని ఒకరు, మా అక్క అలిగి పుట్టింటికి వెళ్ళిపోయిందని ఇంకొకరు. అక్కకు పుట్టిల్లంటే మా ఇల్లే. మా ఇంటికి రాలేదే! నాకు ఒళ్ళు మండిపోయింది.

“ఆవిడ అడగకపోతే పోనీ, నేను అడుగుతున్నా. ఏమైంది బావా నీకు?” అని నిలదీశాను.

“కారణం తెలిస్తే నీకు చెప్పనా? నా చేతుల వంక చూస్తే అవి నావి కావనిపించిందిరా. భయమేసింది. దేనికో తెలీదు.” తల పట్టుకున్నాడు. “ఆవిడ నాలుగు తిట్టినా బాగుండేది. తప్పు చేశానో లేదో తెలిసేది.”

సాయంత్రం బావ వాళ్ళింటికెళ్తే అక్క నా మీద పడింది. “భయపడ్డాడని పేరొస్తే ఈయనకి మళ్ళీ క్రేనెవరు ఇస్తార్రా? ఇంకో పని చేతకాదు కదా!”

సైటువాళ్ళు బావని డాక్టరు దగ్గరికి పంపారు. ఒంట్లో జబ్బేం లేదని, మనసు బాగా అలిసిపోయిందని, అప్పుడప్పుడూ వచ్చి మాట్లాడి వెళ్ళమని చెప్పాడాయన. క్యాబిన్‌లోకి వేరే ఆపరేటరు వచ్చాడు. బావని నా పక్కన సిగ్నళ్ళకి వేసి, మళ్ళీ ఎప్పుడు ఎక్కాలో ఆయన్నే చెప్పమన్నారు.

“నన్నే చెప్పమంటారేంట్రా? ఇన్నేళ్ళలో నన్నెవరు అడిగారు గనక? ఏమని చెప్పను?” అంటూ మెడ నొప్పి పుట్టేదాకా ఆ క్యాబిన్ వైపే చూస్తూ నిలబడేవాడు. ఇది శిక్షో దయో మా ఇద్దరికీ అంతుపట్టలేదు.

ఉండబట్టలేక ఇంజనీరమ్మ గదికి వెళ్ళాను. “మేడమ్, ఆయన్ని ఉంచుతారా, పంపించేస్తారా? ఏదో ఒకటి తేల్చేయండి. ఇలా నానబెట్టకండి.”

“ఆపు అన్నందుకు ఆయన్ని పంపించేస్తే, రేపు అవసరమైనప్పుడు నువ్వంటావా?”

నేను తల గోక్కున్నాను.

“నాకూ ఇదే మొదటిసారి,” అంది ఆవిడ, చేతిలో హెల్మెట్ అటూ ఇటూ తిప్పుతూ. “సరిగ్గా చేస్తున్నానో లేదో నాకూ తెలీదు.”

ఆవిడకే తెలియకపోతే ఇక నేనెవరిని అడగాలి? వెళ్ళినప్పటికంటే ఎక్కువ అయోమయంతో బయటికొచ్చాను.

ఓ రోజు పొద్దున బావ ఇంజనీరమ్మకి ఒక మాట చెప్పి, బెల్టు కట్టుకుని నిచ్చెన ఎక్కాడు. సైటంతా తలలెత్తి చూసింది. చాలాసేపటికి వాకీటాకీ గరగరలాడింది.

“చేరాను.”

తర్వాత రావలసిన మాట రాలేదు.

“కాస్త భయంగా ఉంది. ఎత్తుదాం.”

అందరూ విన్నారు. పన్నాగమన్న కాంక్రీటు మేస్త్రీ కూడా వేళాకోళమాడలేదు. నేను కట్ట తగిలించి ఎత్తమన్నాను. అది మనిషెత్తు లేచిందో లేదో, నాకేదో తేడాగా అనిపించింది. ఏమిటో తెలియదు. మామూలుగా అయితే పళ్ళు బిగించి ఊరుకునేవాణ్ణి. ఈసారి నోరు దానంతటదే తెరుచుకుంది.

“ఆపు!”

కొక్కెం ఆగింది. అందరి చూపూ నా మీదే. కట్ట దింపించి చుట్టూ తిరిగాను, గొలుసులు లాగి చూశాను. అన్నీ బిగుతుగానే ఉన్నాయి. సిగ్గుతో చచ్చిపోయాను.

“ఏం లేదు బావా. ఊరికే... నాకే ఏదోలా అనిపించింది.”

ఆయన ఎందుకని అడగలేదు. “తొందరేం లేదురా,” అన్నాడు. “నీకు సరే అనిపించాకే ఎత్తుతా.”

నేను వెంటనే సరే అనలేకపోయాను. నేను కళ్ళు తుడుచుకుని సరే అనేదాకా ఆయన పైన అలాగే ఆగి ఉన్నాడు.