పావ్‌చూ అక్క గంజి కొట్టు, చెత్తబండి యాప్

ఫోనుకు కొత్త వెర్షన్ వచ్చిందంటే నాకు ఒళ్లు మండుతుంది. మనం నిద్రపోతుంటే ఎవడో ఇంట్లో దూరి, పొయ్యి తీసుకెళ్లి పడకగదిలో పెట్టి, ఉప్పు డబ్బా అటకెక్కించి, పోతూ పోతూ గోడ మీద ‘మీ కోసం మరింత అందంగా’ అని రాసి పోయినట్టుంటుంది. ఎవడడిగాడు అందం? నా సంగతి సరే, పాత బట్టలు బిగించి, వదులు చేసి బతికేదాన్ని. ఫోను చచ్చినా నా కత్తెర ఆగదు. పక్క కొట్టు పావ్‌చూ అక్క బతుకు మాత్రం ఆ దిక్కుమాలిన ఫోను మీదే నిలబడి ఉండేది. ఆ సంగతి సందులో ఒక్కరికీ తెలియదు.

అక్కది పాలబొంత చేప గంజి. మా తైనాన్ ఊళ్లో పొద్దున్నే ఆ గంజి కడుపులో పడకపోతే చాలామందికి తెల్లవారినట్టే ఉండదు. తలలు, ముళ్లు మరిగించిన నీళ్లలో అన్నం, పైన చేప పొట్ట ముక్క, సన్నగా తరిగిన అల్లం. మధ్యాహ్నానికి కుండ అడుగు కనిపించేది. అక్క మోచేతుల దాకా పొలుసులు అంటుకుని చమ్కీల్లా మెరుస్తుండేవి. గొంతు పెద్దది. మాట మాత్రం ఎప్పుడూ అడ్డదిడ్డంగా ఉండేది. “వాన వచ్చేట్టుంది అక్కా” అని వెనక నుంచి అంటే పలికేది కాదు. రెండోసారి అంటే “అల్లం అయిపోయింది” అనేది. పొగరు అనుకున్నాం. గంజి బాగుంటే పొగరును ఎవరు పట్టించుకుంటారు?

మా దగ్గర చెత్త గుమ్మంలో పెట్టి పోతే ఊరుకోరు. సాయంత్రం పసుపు బండి పాట పెట్టుకుని వస్తుంది. ఎవరి సంచి వాళ్లు పట్టుకుని మలుపులో నిలబడి స్వయంగా విసరాలి. బండి ఆగేది కాసేపే. తప్పిపోయిందా, ఆ కంపు రాత్రంతా నీదే. బుధవారం, ఆదివారం బండే రాదు. నా గుడ్డపీలికలు నెల రోజులున్నా వాసన రావు కానీ, అక్క దగ్గర రోజూ బకెట్ నిండా చేప మొప్పలు, పొలుసులు, పిత్తం, కడిగిన నెత్తురు. మా ఎండల్లో ఒక్క పూట చాలు, దగ్గరికి పోతే కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

సరిగ్గా ఆ కొట్టు పైనే ఇంటి యజమాని వెంగ్ పెద్దాయన పడకగది కిటికీ. రోజూ పొద్దున్నే కిందికి దిగి అక్క చేతి మొదటి గిన్నె తాగేది ఆయనే, సాయంత్రం కిటికీ తెరిచి కంపని తిట్టేదీ ఆయనే. పోయిన వేసవిలో ఒకసారి బకెట్ మిగిలిపోతే మెట్లు దిగొచ్చి అక్క మొహం మీదే చెప్పాడు.

“చూడమ్మా పావ్‌చూ, మా వాడు ఇక్కడ కాఫీ కొట్టు పెడతానని పోరు పెడుతున్నాడు. నీ గంజి కోసం వాణ్ణి ఆపుతున్నాను. ఇంకొక్కసారి ఈ కంపు పైకొచ్చిందా, ఒప్పందం మళ్లీ రాయను.”

అక్క తలూపింది. ఆ తర్వాత ఏ సాయంత్రం చూసినా బండి దగ్గర అందరికంటే ముందు అక్కే. పాట మా చెవిన పడేలోపే రెండు బకెట్లతో మలుపులో నిలబడి ఉండేది. అబ్బ, ఎంత శ్రద్ధ అనుకునేవాళ్లం. శ్రద్ధ కాదు, యాప్. బండి ఎక్కడుందో చూపించే యాప్ ఒకటి ఉండేది. బండి బజారు వీధిలోకి రాగానే ఏప్రాన్ జేబులో ఫోను గుర్రుమని వణికేది. ఆ వణుకు కడుపుకు తగిలితే చాలు, అక్క లేచేది.

అలాంటి యాప్‌ను బాగు చేశారు. ఏం బాగు చేశారయ్యా అంటే, తెరవగానే కళ్లు, చేతులు ఉన్న చెత్తబుట్ట బొమ్మ ఒకటి గెంతుతుంది. మీ ఫొటోలు చూడొచ్చా అని అడుగుతుంది. చేప మొప్పలు పారేయడానికి మా ఫొటోలెందుకు? కాదంటే ముందుకు పోదు. ఔనంటే సన్నబడే టీ ప్రకటన. దాన్ని మూసే గుర్తు ఎంత చిన్నదంటే, పొలుసులంటిన వేలికి దొరకనే దొరకదు. రోజూ లాగిన్ అయితే పాయింట్లట, పాయింట్లతో ఆ బొమ్మకు టోపీ కొనొచ్చట. చెత్తకు టోపీ! ఛీ. ఇంతా చేసి, వణుకు తీసేశారు. దాని బదులు ఒక ఆడగొంతు పెట్టారు, ‘ప్రియమైన నేస్తమా, బండి వచ్చేస్తోంది’ అని తేనె పూసినట్టు.

మొదటి రోజే అక్కకు బండి తప్పిపోయింది. నా కొట్లోకి పరుగెత్తుకొచ్చి “ఎక్కు!” అంది. స్కూటర్ మీద ముందు కాళ్ల మధ్య ఒక బకెట్, వెనక నా ఒళ్లో ఇంకో బకెట్. ఇద్దరం బండి వెంట పడ్డాం. ప్రతి మలుపులో ఆ బకెట్ నీళ్లు తొణికి నా లంగా మీద, చెప్పుల్లోకి. చల్లగా, జిగటగా కాలివేళ్ల మధ్యకు దిగాయి. పక్కపేటలో బండి అందింది. అక్కడి జనం మమ్మల్ని చూసి ముక్కులు మూసుకుని దారిచ్చారు. ఆ చెప్పులు కూడా అదే బండిలో వేసి వట్టి కాళ్లతో ఇంటికొచ్చాను.

“పక్కనే పాట మోగుతుంటే వినపడలేదా అక్కా?” అన్నాను తిరిగొస్తూ, స్కూటర్ వెనక నుంచి. జవాబు లేదు.

మర్నాడు ఫోన్ల కొట్టుకు వెళ్లింది. ఆపి మళ్లీ ఆన్ చేయమన్నారు. చేసింది. తీసేసి మళ్లీ వేసుకోమన్నారు. వేసుకుంటే, మీరెవరో రుజువు చేసుకోండి, ఫోన్ చేసి అంకెలు చెబుతాం, విని నొక్కండి అంది యాప్. అక్క నా కొట్లో స్టూలు మీద కూర్చుని ఫోను చెవికి ఆనించుకుంది.

“ఆ. ఆ. సరే. అలాగే” అంటూ తలూపుతోంది.

ఆ ఫోనులో గొంతు ఎంత పెద్దగా వస్తోందంటే, మిషను కుడుతున్న నాకే ‘ఏడు, రెండు’ అని వినపడుతోంది. అక్క అయిదు నొక్కింది.

“ఏడు అక్కా, ఏడు.”

మళ్లీ అయిదే. ఇంకోసారి తొమ్మిది. మీ ఖాతా ఆపేశాం అని యాప్ చెప్పేసింది. నాకు అనుమానం వచ్చి, అక్క వెనక్కి వెళ్లి ఇనుప కత్తెరను గచ్చు మీద వదిలేశాను. వీధిలో పోయేవాడు ఉలిక్కిపడి లోపలికి తొంగి చూశాడు. అక్క తల కూడా తిప్పలేదు.

ముందుకొచ్చి నిలబడ్డాను. నా మొహం చూసి, కింద కత్తెర చూసి, అర్థం చేసుకుంది.

“ఎన్నాళ్లయింది అక్కా?”

“నలభై ఏళ్లు ఆ పొయ్యి హోరు పక్కన నిలబడితే ఏ చెవులు మిగులుతాయే? నీ నోరు చూస్తూ మాట్లాడుతున్నా. నువ్వు అటు తిరిగితే నాకు నువ్వు లేనట్టే.” నా చెయ్యి పట్టుకుంది. “ఎవరికీ చెప్పకు షియుమన్. అల్లం వద్దంటే వినదు, ఉప్పు తక్కువంటే వినదు, చెవిటిదాని దగ్గరికేం పోతాంలే అంటారు. పైనున్న ఆయనకు ఇంతకన్నా మంచి వంక ఉంటుందా?”

చెప్పనన్నాను. బండి వస్తే నేనే వచ్చి భుజం తడతానన్నాను. సోమవారం దాకా తట్టాను కూడా. మంగళవారం సాయంత్రం మాత్రం పన్ను పీకించుకోవడానికి వెళ్లాల్సి వచ్చింది. అదే రోజు యాప్‌కు ఇంకో అప్‌డేట్ వచ్చింది, ‘కొన్ని చిన్న లోపాలు సరిచేశాం’ అని. ఖాతా తెరుచుకుంది. మ్యాపులో బండి ఎక్కడో బడి దగ్గర ఆగి ఉన్నట్టు చూపించింది. అక్క పాపం దాన్ని నమ్మి, వీధికి వీపు పెట్టి, ఫోనులోకి చూస్తూ కూర్చుంది. ఆ వీపు వెనకే బండి వచ్చింది, పాట పాడింది, జనం సంచులు విసిరారు, వెళ్లిపోయింది. మ్యాపులో బండి ఇంకా బడి దగ్గరే ఉంది.

మర్నాడు బుధవారం. బండి లేని రోజు. కంపు పైకి పోకూడదని అక్క మా వాళ్లందరూ చేసేదే చేసింది. చెత్తను సంచుల్లో కట్టి ఫ్రీజర్‌లో పెట్టింది. ఇళ్లల్లో అయితే పండ్ల తొక్కలు పెడతారు, ఏమీ కాదు. అక్క ఫ్రీజర్‌లో గంజికి దాచిన తలలు, ముళ్లు కూడా అలాంటి ఎర్రచారల సంచుల్లోనే ఉన్నాయి. గడ్డ కట్టాక ఏది ఏదో దేవుడికే తెలియాలి.

గురువారం పొద్దున్న నేను వాచిన దవడతో వెళ్లేసరికి, వెంగ్ పెద్దాయన మొదటి గిన్నె ముందు కూర్చుని ఉన్నాడు. ఏదో వాసన తేడాగా తగిలింది. ఆయన అదేమీ చూసుకోకుండా ఒక చెంచాడు నోట్లో పోసుకున్నాడు. మొహం ముడుచుకుపోయింది. మింగలేక, అందరి ముందు ఉమ్మలేక, కళ్లు పెద్దవి చేసి, చివరికి బల్ల మీదే ఉమ్మేశాడు. పిత్తం చేదు! గిన్నెలో బూడిదరంగు నురగ, అందులో ఎర్రగా పీచు పీచుగా ఒక మొప్ప తేలుతోంది. పక్క బల్ల అమ్మాయి గిన్నె అక్కడే పడేసి కాలవ దగ్గరికి పరుగెత్తింది.

పెద్దాయన రుమాలు తీసి నోటికి గట్టిగా అడ్డం పెట్టుకుని అరిచాడు.

“నన్ను చంపుదామనుకున్నావా? ఇదేం గంజి? చెత్త! చెత్త పోశావు నాకు!”

రుమాలు వెనక పెదాలు కనపడవు. అక్క చిరునవ్వు నవ్వి, వినయంగా అడిగింది.

“ఇంకొంచెం అల్లం వేయనా పెద్దాయనా?”

సందు సందంతా ఒక్క క్షణం నోరు తెరిచింది. తర్వాత ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దాయన మొహం కందిపోయింది. “వెక్కిరిస్తున్నావా? ఖాళీ చెయ్. ఈ నెలతో సరి!” అన్నాడు, రుమాలు తీసి. ఈసారి అక్కకు ప్రతి మాటా కనిపించింది.

నేను నోరు తెరవబోయాను. అక్క నావైపు చూసి వద్దన్నట్టు చెయ్యి ఊపింది. గరిటెతో గిన్నెలో కలిపి, మొప్ప పైకి తీసి చూసింది. పొయ్యి ఆపింది.

“నాకు చెవులు వినపడవు” అంది. ఎంత గట్టిగా అందంటే, సందు చివర పండ్లవాడు కూడా ఇటు తిరిగాడు. “పూర్తిగా పోయాయి. బండి పాట వినపడదు. ఫోను వణికితే పోయేదాన్ని. వణుకు తీసేశారు. చెత్త ఫ్రీజర్‌లో పెట్టాను. తప్పు సంచి తీశాను. అంతే. ఇప్పుడు పొమ్మంటే పోతాను.”

పెద్దాయన నోరు తుడుచుకోవడం ఆపేశాడు.

“అయితే... నేను కిటికీలోంచి అరిచేవన్నీ?”

“ఎప్పుడరిచారు?”

“ఎప్పుడేంటి? ఇన్నేళ్లుగా! రోజూ సాయంత్రం!”

“ఒక్కటీ వినలేదు.”

“ఒక్కటీ?” ఆయన కుర్చీలో కూలబడ్డాడు. “ఎన్ని తిట్టినా ఒక్క మాట ఎదురు చెప్పదు, ఎంత పెద్దమనిషి తరహా అని మా ఆవిడతో ఎన్నిసార్లు చెప్పానో! ఆ ఒక్క గుణం చూసేగా మావాణ్ణి ఆపుతోంది!”

ఈసారి సందంతా పగలబడి నవ్వింది. అక్కకు నవ్వులు వినపడలేదు గానీ, మొహాలు కనపడ్డాయి. తను నవ్వలేదు. ఏప్రాన్‌తో కళ్లు ఒత్తుకుంది. పెద్దాయన లేచి, రుమాలు జేబులో కుక్కుకుని, అక్కకు ఎదురుగా నిలబడి, పెదాలు బాగా విప్పి అన్నాడు.

“ఆ ఫ్రీజర్‌లో చేప తప్ప ఇంకేమీ ఉండకూడదు. ఉండదంటే ఒప్పందం మీద సంతకం పెడతాను. ఈ కుండ మాత్రం నా కళ్లముందు పారేయ్.”

“ఉండదు” అంది అక్క. కుండ అక్కడే బకెట్లో వంపేసింది. తర్వాత మా అందరివైపు తిరిగి, అప్పు అడిగే మనిషిలా నేల చూస్తూ అంది. “బండి వస్తే ఎవరైనా నా వీపు మీద తట్టండి.”

తట్టారు. మొదట్లో మరీ అతి చేశారు. పండ్లవాడు, పెద్దాయన భార్య, నేను, ఒకరి తర్వాత ఒకరం బాదితే “వీపనుకున్నారా, డప్పనుకున్నారా!” అని మండిపడింది. తర్వాత ఎవరు దగ్గరుంటే వాళ్లు తట్టడం అలవాటైంది. గంజికి జనం తగ్గలేదు. అల్లం వద్దనుకున్నవాళ్లు అక్క కళ్లముందుకొచ్చి చెయ్యి ఊపడం నేర్చుకున్నారు.

మొన్న యాప్‌కు మళ్లీ కొత్త వెర్షన్ వచ్చింది. ‘మీరు కోరారు, మేం తెచ్చాం’ అంటూ ఆ వెధవ బుట్టబొమ్మ గెంతింది. తెచ్చింది ఏమిటంటే, వణుకు. సాయంత్రం నేను గుడ్డపీలికల సంచితో బయటికొచ్చేసరికి, స్టీలు బల్ల మీద అక్క ఫోను గుర్రుగుర్రుమని పాకుతోంది. పక్కనే రెండు బకెట్లు, మూతలు బిగించి సిద్ధంగా ఉన్నాయి. అక్క ఆ ఫోనును చూసింది. కాసేపు చూసి, దాన్ని తిరగేసి పెట్టింది. తర్వాత స్టూలు జరుపుకుని, వీధికి వీపు పెట్టి కూర్చుంది.

పాట మలుపు దాకా వచ్చేసింది. నేను వెళ్లి, రోజూకన్నా గట్టిగా తట్టాను.