గోడతెర మూలన పసుపు

2019. నార్త్ కరొలైనాలోని క్యారీలో నా వర్క్‌షాప్‌కి డాక్టర్ మూర్తిగారు, ఆయన భార్య కామేశ్వరిగారు ఐదువందల ఏళ్ల నాటి యూరప్ టాపెస్ట్రీని తెచ్చారు. టాపెస్ట్రీ అంటే ఉన్ని, పట్టు దారాలతో మగ్గం మీదే బొమ్మ నేసిన గోడతెర. దాన్ని వాళ్లు ఒక మ్యూజియానికి ఇవ్వదలిచారు. మూలనున్న పసుపు మచ్చ పోతేనే తీసుకుంటామంది మ్యూజియం.

పాత బట్టలను కాపాడే కన్సర్వేటర్‌గా అప్పటికి నాకు ఇరవై ఏళ్ల అనుభవం. మాది ఒకప్పటి జమీందారీ. కోట పోయింది, దర్బారు తెరలు పోయాయి; పట్టును ఎలా ముట్టుకోవాలో మాత్రం నాకు మిగిలింది. భూతద్దం తీయకుండానే మచ్చను గుర్తుపట్టాను.

"అమ్మా, దీనికి పసుపు పెట్టారా?"

"ఇంటికి తెచ్చిన రోజు పెట్టాను. కొత్త బట్టకి పెట్టరూ?"

"ఐదొందల ఏళ్ల కొత్త బట్ట!" డాక్టర్‌గారు నవ్వారు. "రాజావారూ, రిపోర్ట్‌లో ఏదో స్టెయిన్ అని రాసి క్లీన్ చేసేయండి. మన పరువు దక్కుతుంది."

ఆమె తల దించుకున్నారు. పరువు మాట నాకూ తగిలింది. మా ఇంట్లో అమ్ముకున్న వస్తువులన్నిటినీ ఎవరికో వాడుకోవడానికి ఎరువిచ్చామనే చెప్పేవారు.

ముందు టెస్ట్ చేశాను. మచ్చ అంచున ఒక్క చుక్క ఆల్కహాల్ వేసి బ్లాటింగ్ పేపర్‌తో అద్దాను. పేపర్‌కి పసుపుతోపాటు పట్టు పొడి కూడా అంటింది. ఆ మూలన నేసిన తెల్లపువ్వు పట్టుది. మచ్చ తీస్తే పువ్వూ పోతుంది.

వస్తువు స్థితిని వివరించే కండిషన్ రిపోర్ట్‌లో ఉన్నదున్నట్టు రాశాను. ఇది పసుపు, కొత్త బట్టకు శుభమని తెలుగువాళ్లు పెడతారు, పెట్టినవారు కామేశ్వరిగారు, తీయడానికి నేను ఒప్పుకోను.

రిపోర్ట్ అందాక మ్యూజియం క్యూరేటర్ ఫోన్ చేసింది. "మచ్చతో ఎలా తీసుకోమంటారు?"

"పసుపు వెలుతురుకి మెల్లగా వెలిసిపోతుంది. రాలిన పట్టును మీరూ తేలేరు, నేనూ తేలేను. తెర వెనకవైపు ఎవరెవరో వేసిన అతుకులున్నాయి. వాటిని చరిత్ర అంటున్నారుగా? ఇదీ అంతే."

వారం తర్వాత తీసుకుంటామని ఉత్తరం వచ్చింది. డాక్టర్‌గారు రిపోర్ట్ తిరగేసి, "నా పేరెక్కడా లేదేంటండీ?" అన్నారు.

"మీరు పెట్టారా పసుపు?" అన్నారు కామేశ్వరిగారు, నేను నోరు తెరిచేలోపే.

తెలిసిన మచ్చను 'తెలియదు' అని రాసి ఉంటే, దాన్ని ముట్టుకోవద్దని వాదించే హక్కు నాకు ఉండేది కాదు. ఈ పనిలో సూది పట్టే ముందే నిజం రాయాలని ఆ పువ్వు దగ్గర నేర్చుకున్నాను.