ఒక్క గుప్పెడు తక్కువ

నా పేరు సువార్తమ్మ. వయసు డెబ్బై ఆరు. ఆధార్ కార్డులో డెబ్బై రెండని ఉంది, ఆ తప్పు నాది కాదు. రేపల్లె నుంచి పెనుమూడి వెళ్ళే దారిలో మా ఊరు. ఇంట్లో నేను, కొడుకు, కోడలు, ఇద్దరు మనవరాళ్ళు, ఒక బర్రె. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా అంగన్‌వాడీ టీచరు రత్నకుమారి రాస్తోంది. నా మాటలకు మర్యాద నేర్పవద్దని ఆమెకు ముందే చెప్పాను.

మా ఎదురింటి మాస్టారు పోయిన మంగళవారం పొద్దున చనిపోయారు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, పేపరు విప్పబోతూ అలాగే కుర్చీలో వెనక్కి వాలిపోయారు. ఆయన భార్యను నేను అమ్మగారంటాను, ఆవిడ నన్నే మొదట కేకేశారు. నేను వెళ్ళేసరికి పేపరు ఇంకా ఒళ్ళోనే ఉంది, మడత విప్పలేదు. మాస్టారు చదవకుండా వదిలేసిన పేపరు నా ఎరుకలో అదొక్కటే.

మూడో రోజున ఆయన పార్టీవాళ్ళు సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు. అందులో "ప్రెసిడెంటు పదవిని త్యాగం చేసిన మహనీయుడు" అని ఉందని మా చిన్న మనవరాలు చదివి చెప్పింది. అదే మాట రాతి మీద చెక్కించి లైబ్రరీ ముందు నిలబెడతారట. తెనాలిలో రాయి కూడా చూసి పెట్టుకున్నారట. అందుకే ఈ కాగితం రాయిస్తున్నాను. మాస్టారు ఏ పదవినీ త్యాగం చేయలేదు. మా ఊరి పంచాయతీ ప్రెసిడెంటు కావాలని ఆశపడ్డారు, తన పార్టీలోనే పోటీ చేశారు, ఓడిపోయారు. ఒక్క గుప్పెడు బియ్యం తక్కువై ఓడిపోయారు. ఆ గుప్పెడు నా చేతిలోనే ఉండిపోయింది.

మాస్టారు ఎలాంటివారో ముందు చెప్పాలి. నలభై ఏళ్ళు ఎదురుబొదురు ఇళ్ళలో ఉన్నాం, నలభై ఏళ్ళూ పోట్లాడుకున్నాం. ఆయనది పాత పార్టీ, ఉన్నది ఉన్నట్టే ఉండాలనే పార్టీ. మా జెండా వేరు. బస్సు ఆగే చోటు పది గజాలు అవతలికి జరుపుతామంటే రోడ్డు మధ్యన కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషి ఆయన. బస్సు ఇప్పటికీ పాతచోటే ఆగుతుంది. రోజూ పొద్దున్నే అరుగు మీద కూర్చుని పేపరు పైకి చదివేవారు. చదువు రానివాళ్ళ కోసం అనేవారు. మా వీధిలో చదువు రానిదాన్ని నేనొక్కదాన్నే. బర్రెకు గడ్డి వేస్తూ వినేదాన్ని, ఇటు నుంచి జవాబు చెప్పేదాన్ని.

ఒకసారి పలకా బలపం పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు.

"ఎందుకండీ ఇవి?"

"నీ పేరు నువ్వు రాసుకోవాలి కదా, సువార్తమ్మా."

"నాకు చదువొస్తే పొద్దున్నే మీరు ఎవరికి చదువుతారండీ?"

"అదీ నిజమే" అని పలక చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు. మంచి మాట ఎవరన్నా ఒప్పుకునేవారు. కాకపోతే మర్నాటికి అది తన మాటే అనేవారు.

ఇంకోరోజు అమెరికా కబురు చదివారు. అక్కడ దేశానికి ప్రెసిడెంటు కావాలంటే ముందు సొంత పార్టీలోనే పదిమందితో పోటీపడి గెలవాలట. దానికి ఊరూరా తిరిగి చందాలు వసూలు చేయాలట. పెద్ద పెద్ద భోజనాలు పెట్టి, ఆకు ముందు కూర్చోవడానికి టిక్కెట్టు పెడతారట. అక్కడి పాత పార్టీలోనూ అంతేనట.

"భోజనం పెట్టి డబ్బు తీసుకుంటే దాన్ని హోటలంటారండీ" అన్నాను.

"నీకు అంతా వెటకారమే. పైన ఎవడో చీటీ పంపితే కింద నిలబడటం కాదు, సొంతవాళ్ళ ముందు నిలబడి గెలవాలి. అది పద్ధతి."

"అయితే మీ పార్టీలో పెట్టండి చూద్దాం."

ఆ మాట అన్నది నేనే. ఇది కూడా రాయి, రత్నకుమారీ.

ఆ తర్వాతే పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. పాత పార్టీలో ముగ్గురు లేచారు. ఒకరు రైసుమిల్లు శివరామయ్య. ఇంకొకరు తెనాలిలో ఇళ్ళు కట్టించే కాంట్రాక్టరు, పండక్కి కూడా ఊళ్ళోకి రాని మనిషి. మూడోవారు మాస్టారు. తెనాలి నుంచి వచ్చిన పార్టీ పెద్దలు లైబ్రరీలో కూర్చుని, ఎవరు ఎక్కువ చందా తెస్తే వాళ్ళే అభ్యర్థి అని తేల్చేశారు. ఖర్చు మోయగలిగినవాడే నిలబడాలి కదా అన్నారు. మాస్టారి దగ్గర పెన్షను తప్ప ఏముంది? ఆయన లేచి, "రూపాయలు కాదు, ఇళ్ళు లెక్కపెట్టండి. మన పార్టీ ఇల్లు ప్రతిదీ తనకు నచ్చినవాడి సంచిలో గుప్పెడు బియ్యం పోస్తుంది. ఎవరికి ఎక్కువ ఇళ్ళు పోస్తే వాళ్ళే నిలబడాలి. ఇది మన పూర్వపు పద్ధతి" అన్నారు. పూర్వపు పద్ధతి అనేసరికి పెద్దలు కాదనలేకపోయారు.

ఎక్కడి పూర్వం? అది మా లూథరన్ చర్చి ఆడవాళ్ళ పద్ధతి. పొద్దున ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు పక్కన డబ్బాలో వేసి, ఆదివారం గుడికి తీసుకెళతాం. మా వంటింటి కిటికీలోంచి మాస్టారు ఏళ్ళ తరబడి అది చూసి చూసి ఎత్తుకెళ్ళారు. వీధిలోనే నిలదీశాను.

"మా చర్చి పద్ధతి పట్టుకెళ్ళి మీ తాతల పద్ధతి అంటారేంటండీ?"

"మంచిదేదైనా పాతదే, సువార్తమ్మా" అన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వారు.

బియ్యం అడుక్కోవాలనేసరికి కాంట్రాక్టరు కారెక్కి తెనాలి వెళ్ళిపోయాడు. త్యాగం చేసినవాడెవరైనా ఉంటే అతనే, ఆ రాయేదో అతనికి వేయించండి. మిగిలిన ఇద్దరూ గుప్పెడు తమకే పోయమని గడపగడపకూ తిరిగారు. ఊరందరి ధాన్యం ఆడించే శివరామయ్య గుప్పెడు బియ్యం కోసం చెయ్యి చాపుతుంటే నేను పనులు మానుకుని చూశాను. మాస్టారు గొడుగు వేసుకుని ప్రతి ఇంటి ముందూ పాఠం చెప్పినట్టు చెప్పారు. రేపల్లెలో తెల్లచొక్కా కుట్టించుకున్నారు, నామినేషన్ వేసే రోజుకని. పదవి వద్దనుకునే మనిషి ముందే చొక్కా కుట్టించుకుంటాడా?

లెక్క రోజున లైబ్రరీ అరుగు మీద రెండు గోనెసంచులు పెట్టారు. ఇంటికొకరు వరసలో వచ్చి పోస్తుంటే పార్టీ పెద్దలు ఇంటికొక గీత గీసుకున్నారు. మిల్లువారి సంచిలో అన్నీ తెల్లటి బాపట్ల సన్నాలే. మాస్టారి సంచిలో సన్నాలు, రేషను బియ్యం, నూకలు, అన్నీ కలగలుపు. శివరామయ్య బావమరిది చెయ్యి చేట అంత ఉంటుంది, సంచులు కాటా పెడదామన్నాడు. ఇళ్ళు తప్ప బరువు లెక్కలేదని మాస్టారు ఒప్పుకోలేదు.

నేనూ గుప్పెడు తెచ్చి వరసలో నిలబడ్డాను. చుట్టూ నవ్వులు.

"పెద్దమ్మా, జెండా మార్చావా ఏంటి?"

"జెండా నా ఇష్టం, గుప్పెడు నా ఇష్టం. నువ్వు ముందుకు నడువు."

నా వంతు వచ్చింది. మాస్టారు సంచి మూతికి అరచెయ్యి అడ్డం పెట్టారు.

"నువ్వు మా పార్టీ కాదుగా."

"పార్టీకి కాదండీ, మీకు పోస్తున్నా."

"నాకైతే వండిపెట్టు, తింటాను. ఈ సంచిలో పడితే లెక్క తప్పవుతుంది."

"ఒక్క గుప్పెడుకి ఏమవుతుందండీ?"

"తప్పుకి గుప్పెడేంటి, బస్తా ఏంటి?"

ఆ చెయ్యి తీయలేదు. బియ్యం అలాగే కొంగులో పోసుకుని ఇంటికి వచ్చేశాను. కోపంతో బర్రెను కూడా తిట్టాను. సాయంత్రం లెక్క తేలింది. మిల్లువారికి తొంభై నాలుగు ఇళ్ళు, మాస్టారికి తొంభై మూడు. నా గుప్పెడు పడి ఉంటే సరిసమానమై చీటీలు వేసేవాళ్ళు.

మర్నాడు మధ్యాహ్నం మాస్టారు మా గుమ్మంలో నిలబడ్డారు. ఒంటి మీద ఆ తెల్లచొక్కానే. ముఖం వాడిపోయి ఉంది. రాత్రి అన్నం ముట్టలేదని అమ్మగారు అప్పటికే చెప్పారు.

"ఆ గుప్పెడు ఉందా, పారబోశావా?"

"ఉందండీ."

"ఇప్పుడు లెక్కలేదు. వండు."

అప్పటిదాకా ఆయన మా ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగలేదు. ఆయన పద్ధతులు ఆయనవి. ఆ రోజు మా పీట మీద కూర్చుని, గోంగూర పచ్చడితో, మజ్జిగతో తిన్నారు. తింటూ తింటూ ఆగి, "ఆ పదవి నాకు చాలా కావాలనిపించిందే, సువార్తమ్మా" అన్నారు. ఇంకో గరిటె వడ్డించాను. అప్పటి నుంచి వారానికొకసారి వచ్చి తినేవారు. ఇలా తినడం తన చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటని ఊళ్ళో చెప్పేవారు.

నిన్న నేనే మిల్లుకి వెళ్ళాను. శివరామయ్య ఇప్పుడు ప్రెసిడెంటు, రాయి ఖర్చు అతనిదే.

"ఓడిపోయారని రాతి మీద రాస్తే ఏం బాగుంటుంది, పెద్దమ్మా? త్యాగమంటే గౌరవం."

"ఆయన త్యాగం చేశారంటే నువ్వు గెలవలేదని అర్థం. నీకిష్టమైతే చెక్కించుకో."

మర ఆడుతూనే ఉంది. అతను తవుడు అంటిన చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. తర్వాత నవ్వాడు. "ఒక్క ఇంటి తేడాతో ఓడారు అని రాయిస్తాను. ఆయన నా ఎదుట నిలబడ్డారంటే నాకూ గౌరవమే" అన్నాడు. తెనాలికి ఫోను కూడా నా ఎదుటే చేశాడు. నేను మాట మరిచినా కాగితం మరవకూడదని ఇది రాయించాను.

ఇంకొక్కటి రాయించి ముద్ర వేస్తాను. మంగళవారం మధ్యాహ్నం మాస్టారిని తీసుకెళ్ళేముందు చుట్టాలంతా తలా ఇంత బియ్యం ఆయన నోటి దగ్గర పోశారు. అది వాళ్ళ ఆనవాయితీ. నేను గోడ పక్కన నిలబడ్డాను. అమ్మగారు చూసి, "నువ్వూ రా, సువార్తమ్మా" అన్నారు. నేను ఆ పళ్ళెంలోవి తీసుకోలేదు. రోడ్డు దాటి మా ఇంటికి వెళ్ళి, డబ్బాలోంచి గుప్పెడు తెచ్చాను. వంగి పోశాను. ఈసారి ఆయన చెయ్యి అడ్డం పెట్టలేదు.

సువార్తమ్మ ఎడమచేతి బొటనవేలి ముద్ర

సాక్షులు: రత్నకుమారి, అంగన్‌వాడీ టీచరు, చెప్పింది చెప్పినట్టు రాసినామె
శివరామయ్య, రైసుమిల్లు, తొంభై నాలుగు ఇళ్ళవాడు