అల్లాబక్షు తడి గోనెసంచి

మంగినపూడి సముద్రంలోంచి పైకి లేచే ముందు సూర్యుడు బందరు బస్టాండు వెనక వీధికి వచ్చి, అల్లాబక్షు షాపు షట్టర్ తట్టి, "ఇవాళ ఎంత పసుపుగా ఉండమంటారండీ?" అని అడిగి వెళ్తాడు. అల్లాబక్షు బీడీ ఆర్పి, "నిన్నటి కంటే చిటికెడు తగ్గించు" అంటాడు. ఈ మాట చెప్పేది ఆయన మనవరాలు ఆలియా. ఇది రాస్తున్నదీ ఆలియానే కనక వేరే సాక్షులు అక్కర్లేదు. పదో తరగతి లెక్కల దగ్గర చదువు ఆగిన పిల్ల కాబట్టి అంకెల్లో తేడా వస్తే మాత్రం సర్దుకోవాలి.

అల్లాబక్షు ముప్ఫై ఏళ్ళుగా బళ్ళకి కరెంటు పని చేస్తున్నాడు. రెండువేల ఐదు ప్రాంతంలో కార్లకీ జీపులకీ కంపెనీ బల్బులు పీకేసి కొత్తవి వేయించుకునే పిచ్చి మొదలైంది. బెజవాడ నుంచి వచ్చే బల్బుల అట్టపెట్టెల మీద మూడువేలు, ఆరువేలు, ఎనిమిదివేలు అని రాసి ఉండేది. అంకె పెరిగేకొద్దీ వెలుగు పసుపు వదిలి తెలుపుకీ, తెలుపు వదిలి నీలానికీ పోతుంది. అంకె పెద్దదైతే వెలుగు కూడా పెద్దదని జనం అనుకునేవాళ్ళు.

అల్లాబక్షుకి ఆ అంకెలంటే ఒళ్ళు మంట. సరుకు రాగానే పెట్టెలన్నీ చించి పొయ్యిలోకి పంపేవాడు. "అంకె చూసి కొనేవాడు బల్బు కొనట్లేదురా, అట్ట కొంటున్నాడు" అనేవాడు. తర్వాత సగం షట్టర్ దించి, ఎదుటి గోడకి తడి గోనెసంచి వేలాడదీసి, ఒక్కో బల్బూ బ్యాటరీకి తగిలించి దాని మీద వెలుగు వేసేవాడు. తడి గోనె వాన పడ్డ తారురోడ్డు లాంటిది, తెల్ల వెలుగుని మింగేస్తుంది. గోనె పోగులు విడివిడిగా కనపడితే ఆ బల్బు పసుపు డబ్బాలోకి, లేకపోతే తెలుపు డబ్బాలోకో నీలం డబ్బాలోకో వెళ్ళేది. డబ్బాలన్నీ పాత బిస్కెట్ డబ్బాలే. పెళ్ళి ఊరేగింపుకి నీలం, రోడ్డుకి పసుపు అని ఆయన లెక్క.

ఆ ఏడు ఆయన కొత్త కొత్త తగాదాలు పెట్టుకున్నాడు. గోడకి సున్నం వేసినవాణ్ణి పసుపు కలిపావని తిట్టాడు. భార్య జైనాబ్ వడ్డించిన అన్నం చూసి, "ఇవాళేంటి, పులిహోరా?" అన్నాడు.

"తెల్లన్నాన్ని పులిహోర అంటాడేవిటే మీ తాత?" అంది జైనాబ్.

"నిమ్మకాయ ఖర్చు కలిసొచ్చిందిలే అమ్మమ్మా" అని ఆలియా పడీపడీ నవ్వింది. సరుకు వేరుచేసేటప్పుడు మాత్రం, "తాతా, అది తెలుపు. పసుపు డబ్బాలో వేస్తున్నావ్" అని రెండుసార్లు చెప్పింది. ఆయన వినలేదు. అంతకు ముందొకసారి సరదాకి డబ్బాలు తారుమారు చేసిన పిల్ల మాట ఎవరు వింటారు?

పుష్యమాసంలో ఒక మధ్యాహ్నం నాగాయలంక నుంచి జీపు డ్రైవరు దైవాధీనం వచ్చాడు. రోజూ తెల్లవారుజామున పన్నెండు మంది చేపల ఆడవాళ్ళని, గంపలతో సహా, గుడివాడ మార్కెట్టుకి చేర్చడం అతని పని.

"మంచు చంపేస్తోంది బాబాయ్. కాలవ ఎక్కడో, రోడ్డెక్కడో తెలీట్లేదు. మాంచి పసుపు బల్బులెయ్యి."

అల్లాబక్షు పసుపు డబ్బాలోంచి జత తీసి బిగించాడు. దైవాధీనం వెలిగించి తల గోక్కున్నాడు. "కాస్త తెల్లగా లేదూ?"

"తెలుపా? నెయ్యి రా అది. నీ కళ్ళకి గేదె కూడా తెల్లగానే ఉంటుంది."

"నువ్వు చూశాక నేను చూసేదేముందిలే" అని అతను వెళ్ళిపోయాడు.

నాలుగు దాటాక గుడ్లవల్లేరు ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాడొకడు మోటారు సైకిల్ మీద వచ్చి నీలం బల్బు కావాలన్నాడు. "నీలం దేనికి? నీకిది చాలు, దీంతో రోడ్డు కనపడుతుంది" అంటూ అల్లాబక్షు పసుపు డబ్బాలోది వెలిగించి చూపించాడు.

కుర్రాడు ఎగిరి గంతేశాడు. "ఇదేనండీ! నీలం భలే కొడుతోంది. ఇదే ఇచ్చెయ్యండి!"

అల్లాబక్షు ఆలియా వైపు తిరిగాడు. "మళ్ళీ మార్చావా డబ్బాలు?"

"అల్లా మీద ఒట్టు తాతా, ముట్టుకోలేదు."

"ఇది ఏ రంగు?"

"తెలుపు. అంచున నీలం."

"వేళాకోళం ఆడకు."

ఈసారి ఆలియా నవ్వలేదు. ఆయన ఇంట్లోంచి జైనాబ్‌ని పిలిచి అడిగాడు. పక్క పంక్చర్ షాపువాణ్ణి అడిగాడు. అందరూ అదే మాట. అల్లాబక్షు ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి, గోనె కేసి చాలాసేపు చూశాడు. ఆయనకి అది నెయ్యి రంగుగానే ఉంది.

"దైవాధీనం రేపు తెల్లారుజామున నాలుగింటికి బయల్దేరతాడు" అన్నాడు మెల్లిగా. దైవాధీనానికి ఫోను లేదు. అల్లాబక్షు మూడు డబ్బాలూ సంచిలో వేసుకుని, ఆలియా రెక్క పుచ్చుకుని నాగాయలంక బస్సెక్కాడు.

బస్సు చల్లపల్లి దాటింది. ఆలియా ఆయన చెవి దగ్గరికి వంగింది.

"కంపెనీవాడు తప్పు సరుకు పంపాడని చెబుదాం తాతా. ఎవరికి తెలుస్తుంది? అట్టపెట్టెలు కూడా లేవుగా."

ఆయన కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. అవతల పొలాల మీద మంచు దిగుతోంది. అదైనా ఆయనకి తెల్లగా కనపడుతోందో లేదో అడగడానికి ఆలియాకి ధైర్యం చాలలేదు. కళ్ళు పోయాయని ఒక్క డ్రైవరుకి తెలిస్తే చాలు, వారం తిరక్కుండా దివిసీమంతా తెలుస్తుంది. ఆ తర్వాత అల్లాబక్షు దగ్గరికి బల్బు కోసం ఎవడొస్తాడు?

వాళ్ళు వెళ్ళేసరికి దైవాధీనం ఇంటి ముందు, అతని జీపులో వెళ్ళే చేపల ముత్యాలమ్మ, మరో ఇద్దరు ఆడవాళ్ళు ఉదయానికి గంపలు సర్దుకుంటున్నారు.

"ఈ వేళప్పుడు వచ్చావేంటి బాబాయ్? బల్బులకి ఏమన్నా అయిందా?" అన్నాడు దైవాధీనం.

ఆలియా, "కంపెనీ..." అని మొదలుపెట్టింది. అల్లాబక్షు చేత్తో ఆపాడు.

"బల్బులకి ఏం కాలేదు. నా కళ్ళకి అయింది. నాకు తెలుపు పసుపుగా కనపడుతోంది. నీకు మంచులో పనికిరానివి బిగించాను. విప్పెయ్యాలి."

ముత్యాలమ్మ చేతిలో గంప కింద పెట్టింది.

"నేను తెలుపన్నాను కదా బాబాయ్" అన్నాడు దైవాధీనం. అతని గొంతులో కోపం లేదు. ఆ కోపం లేకపోవడమే అల్లాబక్షుకి ఎక్కువ గుచ్చుకుంది.

ముత్యాలమ్మ ఊరుకోలేదు. "పన్నెండు మందిమి సాయిబు గారూ! కాలవలో పడితే చేపలకి ఈతొచ్చు, మాకు రాదు. ఎన్నాళ్ళ నుంచి ఇట్టా కనపడతంది మీకు?"

"తెలీదమ్మా. తెలిస్తే బిగించేవాణ్ణి కాదు."

"మరి ఇప్పుడు ఎవరు చూస్తారు?"

"ఇది చూస్తుంది" అని అల్లాబక్షు ఆలియాని ముందుకు తోశాడు.

ముత్యాలమ్మ గంప మీది గోనెపట్టా తడిపి దడికి వేలాడదీసింది. అల్లాబక్షు చీకట్లో వేళ్ళతో తడుముకుంటూ ఒక్కో బల్బూ జీపుకి బిగించి గోనె మీద వెలుగు వేశాడు. ఆలియా గోనె పక్కన నిలబడింది.

"పోగు కనపడిందా?"

"లేదు."

మరొకటి. "కనపడిందా?"

"కొంచెం."

"కొంచెం అన్నది లేదు. ఉందా, లేదా?"

"లేదు తాతా."

తొమ్మిదో బల్బు డబ్బా అడుగున దొరికిన పాత సరుకులోది. గోనె మీద పోగులు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి. ఉంది అని చెప్పబోయి ఆలియా ఆగింది. పన్నెండు మంది ఆ ఒక్క మాట మీద కూర్చుని వెళ్ళాలి. దగ్గరికి వెళ్ళి పోగులు లెక్కపెట్టి, వెనక్కి వచ్చి మళ్ళీ చూసి, అప్పుడు చెప్పింది. దానికి జోడు పదకొండోదిగా దొరికింది.

తెల్లవారుజామున వాళ్ళిద్దరూ ఆ జీపులోనే ఎక్కారు. మంచు అద్దానికి అతుక్కుని ఉంది. పసుపు వెలుగులో రోడ్డు అంచు గడ్డి సన్నగా కనపడుతోంది, దాని పక్కనే కాలవ నల్లగా. దైవాధీనం నెమ్మదిగా పోనిచ్చాడు. అల్లాబక్షు దారిపొడుగునా తల వంచుకుని, ముందు కడ్డీ పట్టుకుని కూర్చున్నాడు. గుడివాడలో గంపలన్నీ దిగేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.

బందరు తిరిగొచ్చేసరికి షాపు ముందు ఇద్దరు బేరగాళ్ళు ఎదురుచూస్తున్నారు. ఆలియా హుషారుగా సంచి దింపి, వాళ్ళకి వినపడకుండా అంది.

"శుక్లాలే అయ్యుంటాయి, కళ్ళకి ఆపరేషన్ చేయిద్దాం. అయ్యేదాకా రంగు నేను చూసి చెప్తాలే తాతా. రాత్రి చూశావుగా! నువ్వు బిగించు, నేను చెప్తా. వచ్చే బేరగాళ్ళకి ఏం తెలీదు."

అల్లాబక్షు బేరగాళ్ళిద్దరినీ వేరే షాపు చూసుకోమని పంపేసి, ఆమె వైపు తిరిగాడు.

"చూసేది నువ్వయినా, జీపు కాలవలో పడితే జవాబు చెప్పాల్సింది నేను. షట్టర్ దించు."