తుడిచేసిన బోరు పాయింటు

దయ్యాలంటే పగలబడి నవ్వే రకం నేను. యాప్‌లు రాసి బతికేవాణ్ణి. ఏది చెడినా కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. ఇప్పటికీ అదే అంటాను, ఈ ఒక్కటి తప్ప.

మా ఊరు గార్లదిన్నె దగ్గర. అక్కడ బోరు వేయాలంటే ఓబులేసన్న రావాల్సిందే. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా నడుస్తాడు. అది నిలబడిన చోట నీళ్లున్నట్టు. చిన్నప్పటి నుంచి మా ఇంట్లో మనిషిలా తిరిగాడు. అలా గుర్తించిన చోట్లను పాయింట్లు అంటాం. అవి గుర్తుంచుకోవడానికి ఆయనకు నేనే ఒక యాప్ రాసిచ్చాను. అంతా ఫోన్‌లోనే ఉంటుంది, నెట్‌తో పనిలేదు.

పోయిన ఎండాకాలం మా చీనీ తోట, అదే బత్తాయి తోట, ఎండిపోతుంటే ఆయన్నే పిలిచాం. పొద్దంతా తిరిగి, "నీ చేన్లో చుక్క నీళ్లు లేవు పెద్దన్నా, ఆశ పెట్టుకోవద్దు" అన్నాడు. మా నాయన ఆ మాట నమ్మి రెండెకరాల చెట్లు కొట్టించాడు. నెల తిరక్కుండానే మా ఉత్తరం గట్టు అవతల, పక్కచేనాయన బోరులో నీళ్లు పడ్డాయి. మా ఖర్మ అనుకున్నాం.

తర్వాత కొన్నాళ్లకు ఓబులేసన్న ఫోన్ తెచ్చాడు. "యాపు మూసేసి మళ్లా తెరిస్తే పడిపోతాండాది, చూడప్పా." బోరు పడేదాకా పాయింటు పరాయివాళ్ల కంటపడకూడదని నీళ్లు చూసేవాళ్ల పట్టింపు. అందుకే ప్రతిసారీ యాప్ పూర్తిగా మూసేస్తాడు.

కారణం పది నిమిషాల్లో దొరికింది. తెరవగానే చివరి పాయింటు చూపాలి, దానికి లోతు రాసి లేదు. ఆ ఖాళీ దగ్గరే యాప్ కూలుతోంది. పాయింటు తీసేశాను, తెరుచుకుంది. మూసి మళ్లీ తెరిస్తే కూలింది. చూస్తే పాయింటు మళ్లీ అక్కడే ఉంది! చివరికి, అప్పుడే డబ్బాలోంచి తీసిన నా కొత్త ఫోన్‌లో యాప్ ఎక్కించాను. ఒక్క పాయింటూ పెట్టలేదు. మూసి తెరిచేసరికి అదీ కూలింది. అందులోనూ అదే పాయింటు.

మ్యాపులో చూశాను. మా చేను. ఉత్తరం గట్టుకు పదడుగులు ఇవతల. చుక్క లేదని చెప్పిన రోజే పెట్టింది.

ఫోన్ ఆయన ముందు పెడితే మొహం పాలిపోయింది. "దాన్ని ఆ పొద్దే తుడిచేసినా కదప్పా! మళ్లా యాడనుంచి వచ్చె?"

మా చేన్లో నీళ్లు చూపొద్దని పక్కచేనాయన ముందే మాట తీసుకున్నాడట. "ఇద్దరికీ చాలవప్పా నీళ్లు" అని ఓబులేసన్న గొణిగాడు. మా ఉప్పు తిన్న మనిషి! నాకు ఒళ్లు మండిపోయింది. ఫోన్ చేతికిచ్చి లేచి పొమ్మన్నాను.

ఆయన ఒప్పుకున్న క్షణం నుంచి రెండు ఫోన్లలోనూ ఆ పాయింటు లేదు. ఆయనది చేతికిచ్చే ముందే చూశాను; నాది ఎన్నిసార్లు మూసి తెరిచానో లెక్కలేదు. నేను రాసిన ప్రతి వరుసా మళ్లీ చదివాను, తప్పు దొరకలేదు. తుడిచేసిన దాన్ని ఏది తిరిగి తెచ్చిందో నాకు తెలియదు.

జరిగిందంతా నాయనకు చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగాడు.

"ఆ పాయింటు తిరిగి తెచ్చిందేదో, చెట్లు కొట్టకముందే చెప్పింటే ఏం పోయేది రా దానికి?"