పంపు ఇస్సాకు

రేపల్లె మట్టంటే ఇస్సాకుకి అసహ్యం. పుట్టింది ఇక్కడే అయినా, ముప్పై ఏళ్లు గోదావరి అవతలి అడవిలో, బొగ్గుగని అడుగున ఊరే నీళ్లను తోడే పంపు నడిపాడు. దొరల కాలంలో గుట్ట కింద తవ్విన గని అది. దాని చుట్టూ ఆరు వరసల క్వార్టర్లు, రేకుల చర్చి, ఆదివారం సంత. ఎనభై ఎనిమిదిలో గిట్టుబాటు కావడం లేదని గని మూసేసి, పంపు ఆపమన్నారు. స్విచ్చి ఆపింది ఇస్సాకే. నెల తిరిగేసరికి గని నీళ్లతో నిండింది, కాలనీ ఖాళీ అయింది. అప్పటినుంచి రేపల్లెలో ఎవరు కొత్తిల్లు కట్టి ప్రార్థనకు పిలిచినా, ముందు మడమతో నేల దంచి చూస్తాడు. "ఇదీ ఒక నేలేనా? రెండడుగులు తవ్వితే బురద!" అని మొహం మీదే అంటాడు. ఇప్పుడతన్ని ఎవరూ గడప తొక్కనివ్వరు. బావమరిది బర్నబాస్ అయితే మాటలు మానేసి మూడేళ్లయింది.

మొన్న ముసురులో ఇస్సాకు భార్య అన్నమ్మ పోయింది. సమాధుల తోటలో గొయ్యి తవ్వుతుండగానే మోకాలెత్తు నీళ్లు ఊరాయి. పాస్టరుగారు పాట ఎత్తుకోబోతుంటే ఇస్సాకు పంచె ఎగ్గట్టి గోతిలోకి దిగి, డబ్బాతో తోడసాగాడు. తోడినకొద్దీ ఊరుతూనే ఉంది. గంట గడిచింది. గట్టు మీద పెట్టె తడుస్తోంది. బర్నబాస్‌కి ఒళ్లు మండింది.

"ఏంటి బావా ఈ పిచ్చి? మా అమ్మా నాన్నల పెట్టెలూ ఈ నీళ్లలోకే దిగాయి. పైకి రా!"

ఇస్సాకు తల ఎత్తలేదు.

"ఒకసారి పంపు ఆపి ఊరంతా ముంచాన్రా. మీ అక్కని కూడా ముంచమంటావా?"